అశ్వత్థామకు శాపం ఏ నేరానికి పడింది?

2024 జూన్‌లో 'కల్కి 2898 ఏడీ' విడుదలై, అమితాబ్ బచ్చన్ అశ్వత్థామగా తెర మీదికి వచ్చినప్పటి నుంచి కొన్ని ప్రశ్నలు మళ్లీ మళ్లీ వినిపిస్తున్నాయి. నిద్రలో ఉన్నవాళ్లను చంపినవాడు చిరంజీవుల్లో ఎలా చేరాడు? కృష్ణుడి శాపం మూడు వేల ఏళ్లకా, కలియుగం ముగిసేదాకానా? ద్రౌపది అతణ్ని క్షమించిందా, చంపమందా? ఎవరిని అడిగితే వాళ్లు ఒక జవాబు చెబుతారు. ఆ జవాబులు ఒకదానితో ఒకటి పొసగవు. వ్యాసభారతం, భాగవతం, విష్ణుపురాణం, జనం నోట నడిచిన కథలు అన్నీ కలిసిపోయి ఒకే జీవితచరిత్రగా చలామణీ అవుతుండటమే ఇందుకు కారణం. పైగా సినిమా అతని శాపానికీ కల్కి జననానికీ ముడి వేసింది. ఆ ముడి వ్యాసభారతంలో లేదు.

క్లుప్తంగా: భారతంలో అశ్వత్థామ పుట్టు దుర్మార్గుడు కాడు. తండ్రి హత్య విషయంలో అతని ఫిర్యాదు న్యాయమైనదేనని అర్జునుడే ఒప్పుకున్నాడు. శాపం తగిలింది రాత్రి చేసిన హత్యల దగ్గర కాదు, ఆ తర్వాత అభిమన్యుడి భార్య ఉత్తర గర్భం మీదికి అస్త్రాన్ని మళ్లించిన దగ్గర. శాపమూ, చిరంజీవిత్వమూ రెండు వేర్వేరు గ్రంథాల ధారల నుంచి వచ్చాయి.

పాలు అనుకుని తాగిన పిండినీళ్లు

ద్రోణుడికీ కృపికీ ఒక్కగానొక్క కొడుకు అశ్వత్థామ. కృపాచార్యుడు మేనమామ. ఆదిపర్వంలో ద్రోణుడు తన పేదరికం గురించి భీష్ముడికి చెప్పుకునే ఘట్టం ఉంది. ఊళ్లో కలిగినవాళ్ల పిల్లలు పాలు తాగుతుంటే చూసి కొడుకు ఏడ్చాడు. ఆవు కోసం ద్రోణుడు ఎంత తిరిగినా దొరకలేదు. తోటిపిల్లలు పిండి నీళ్లలో కలిపి ఇస్తే, ఆ తెల్లటి నీళ్లు తాగి 'పాలు తాగాను' అంటూ పిల్లవాడు చిందులేశాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. కొడుకుకు పాలు కూడా పోయించలేని తండ్రి అన్న మాట పడ్డాక ద్రోణుడు చిన్ననాటి స్నేహితుడు ద్రుపదుడి దగ్గరికి వెళ్లాడు. రాజుకూ బిచ్చగాడికీ స్నేహమేమిటని ద్రుపదుడు తీసిపారేశాడు.

ఆ తర్వాత జరిగినదంతా ఈ అవమానం కొనసాగింపే. ద్రోణుడు హస్తినాపురం చేరి రాకుమారులకు గురువయ్యాడు. గురుదక్షిణగా శిష్యుల చేత ద్రుపదుణ్ని పట్టి తెప్పించి, పాంచాలంలో ఉత్తర భాగం తీసుకున్నాడు. పగ తీర్చుకోవడానికి ద్రుపదుడు యజ్ఞం చేస్తే ఆ అగ్నిలోంచి ద్రోణుణ్ని చంపడానికే ధృష్టద్యుమ్నుడు పుట్టాడు, అదే వేదిక నుంచి ద్రౌపది పుట్టింది. కురుక్షేత్రం దాయాదుల పోరు అని చెప్పుకుంటాం కానీ, దాని కింద ద్రోణ ద్రుపదుల పోరు మరొకటి నడుస్తోంది. యుద్ధం పద్దెనిమిదో రోజున ముగిసినా ఆ రాత్రి ముగియనిది ఈ రెండో పోరే.

తండ్రికి తెలిసిన లోపం

ద్రోణుడి పుత్రప్రేమకు కథలో ఒక చిన్న ఆనవాలు ఉంది. నీళ్లు తెమ్మని శిష్యులందరికీ మూతి ఇరుకైన పాత్రలిచ్చి, కొడుక్కి మాత్రం వెడల్పు మూతి కుండ ఇచ్చేవాడు. అది తొందరగా నిండుతుంది. మిగతావాళ్లు తిరిగొచ్చేలోగా కొడుక్కి నాలుగు విద్యలు ఎక్కువ చెప్పవచ్చు. అర్జునుడు సంగతి కనిపెట్టి, వారుణాస్త్రంతో తన పాత్ర నింపుకుని అశ్వత్థామతో సమానంగా రావడం మొదలుపెట్టాడు.

ఇంత ప్రేమ ఉన్న తండ్రే బ్రహ్మశిరోస్త్రం ఇవ్వాల్సి వచ్చేసరికి వెనకాడాడు. ఇష్టంగా ఇచ్చింది అర్జునుడికి. కొడుకు పట్టుబడితే మనసొప్పక ఇచ్చి, ఎంత ఆపదలోనూ మనుషుల మీద వేయవద్దని చెప్పాడు. సత్పురుషుల దారిలో నువ్వు నిలబడవు అని కూడా ముఖం మీదే అన్నాడు. ఆ రాత్రి హత్యలను చెప్పే సౌప్తికపర్వంలో ఈ సంగతి చెప్పేది కృష్ణుడు. దానికి తన అనుభవం ఒకటి జోడించాడు. పాండవులు అడవిలో ఉన్న రోజుల్లో అశ్వత్థామ ద్వారకకు వచ్చి, తన బ్రహ్మశిరస్సు తీసుకుని సుదర్శన చక్రం ఇవ్వమన్నాడట. తీసుకో అన్నాడు కృష్ణుడు. ఎడమ చేత్తో పట్టాడు, కదల్లేదు. కుడి చేత్తో పట్టాడు, కదల్లేదు. ఎందుకు కావలసి వచ్చిందని అడిగితే దాచకుండా చెప్పాడు: నీతోనే యుద్ధం చేద్దామని, ఎవరికీ ఓడకుండా ఉందామని. ఈ నిజాయితీ కూడా అతని స్వభావంలో భాగమే.

మూడో అంచనా భీష్ముడిది. ఉద్యోగపర్వంలో రథులూ అతిరథులూ ఎవరెవరో లెక్కపెడుతూ, అశ్వత్థామ పరాక్రమాన్ని ఆకాశానికెత్తి, ఒక్క దోషం వల్ల అతణ్ని రథుడిగా గానీ అతిరథుడిగా గానీ లెక్కించలేనన్నాడు. ఆ దోషం ప్రాణం మీద తీపి. ఎప్పుడూ బతకాలనే కోరుకుంటాడు అన్నాడు. ఆఖరున అతనికి పడిన శిక్ష చావు కాదు, తరగని బతుకు. వ్యాసుడు ఈ రెండు ఘట్టాలనూ కావాలనే ఎదురెదురుగా నిలిపాడో లేదో తేల్చలేం కానీ, రెండూ పక్కపక్కన పెట్టి చదివితే శాపం అచ్చంగా అతని కొలతలకు కుట్టినట్టే ఉంటుంది.

దుర్యోధనుడి పక్షంలో అయినా తల ఊపేవాడు కాడు

అశ్వత్థామను కౌరవుల గుంపులో ఒకడిగా కలిపేయడం మామూలే. కానీ విరాటపర్వంలో గోగ్రహణ సమయంలో కర్ణుడు బీరాలు పలుకుతుంటే గట్టిగా తిప్పికొట్టినవాడు ఇతనే. జూదంలో రాజ్యం గెలిచి గర్వించే క్షత్రియుడు ఎక్కడున్నాడు, ఇప్పుడూ శకునినే పంపండి యుద్ధానికి, గాండీవం పాచికలు వేయదు, బాణాలు వేస్తుంది అని ఎద్దేవా చేశాడు. ద్రౌపదిని సభకు ఈడ్చిన తీరునూ తప్పుపట్టాడు.

యుద్ధం పదిహేడో రోజు, దుశ్శాసనుడు చచ్చాక, కర్ణార్జునుల ఆఖరి పోరుకు ముందు దుర్యోధనుడి చెయ్యి పట్టుకుని సంధి చేసుకొమ్మని బతిమాలాడు. అప్పటికి ద్రోణుడు చనిపోయి రెండు రోజులైంది. తండ్రి పోయిన మనిషి శాంతి కోరుతున్నాడు. దుశ్శాసనుణ్ని చంపుతూ భీముడన్న మాటలు మరచిపోలేనని దుర్యోధనుడు కాదన్నాడు. అక్కడ సంధి కుదిరి ఉంటే సౌప్తికపర్వమే లేదు.

పదిహేనో రోజు జరిగింది

ద్రోణుడి చేత ఆయుధం వదిలించే దారి లేక కృష్ణుడు ఉపాయం చెప్పాడు. అశ్వత్థామ అనే పేరున్న ఏనుగును భీముడు చంపి, అశ్వత్థామ చచ్చాడని అరిచాడు. ద్రోణుడు నమ్మలేక ధర్మరాజును అడిగాడు. ధర్మరాజు ఆ మాటే పైకి చెప్పి, ఏనుగు అన్నది వినిపించకుండా గొణిగాడు. అంతవరకు నేలకు నాలుగు అంగుళాలు పైన నడిచిన అతని రథం నేలను తాకిందంటుంది ద్రోణపర్వం. ద్రోణుడు అస్త్రసన్యాసం చేసి యోగంలో కూర్చుంటే ధృష్టద్యుమ్నుడు తల నరికాడు.

ఇది తప్పన్నది కౌరవ పక్షం మాత్రమే కాదు. రాజ్యం కోసం గురువును అబద్ధంతో చంపించామని అర్జునుడు అన్నగారినే నిలదీశాడు. సాత్యకి, ధృష్టద్యుమ్నుడు ఒకరి మీదికొకరు లేచారు. కాబట్టి అశ్వత్థామ గుండెల్లో రగిలిన దానికి ఆధారం లేదని ఎవరూ అనలేరు. అతను వేసిన నారాయణాస్త్రం ఆయుధం పట్టిన ప్రతివాడినీ వెతుక్కుంటూ వస్తుంటే, అందరూ రథాలు దిగి ఆయుధాలు పడేయండని కృష్ణుడు చెప్పి సైన్యాన్ని కాపాడాడు. భీముణ్ని మాత్రం బలవంతంగా కిందికి లాగాల్సి వచ్చింది. ఆ అస్త్రం రెండోసారి వేయడానికి వీల్లేదు. పగ తీరకుండానే మిగిలిపోయింది.

మర్రిచెట్టు కింద వాదన

తొడలు విరిగి పడి ఉన్న దుర్యోధనుడు అశ్వత్థామను సేనాపతిని చేశాడు. ఆ సేన అంటే తనతో కలిపి ముగ్గురు: కృపుడు, కృతవర్మ, తాను. రాత్రి మర్రిచెట్టు కింద మిగతా ఇద్దరూ నిద్రపోతే ఇతనికి కునుకు రాలేదు. కొమ్మల మీద నిద్రిస్తున్న కాకుల గుంపు మీద ఒక గుడ్లగూబ చప్పుడు చేయకుండా వాలి, రెక్కలు విరిచి, తలలు తెంపి చంపడం చూశాడు. అదే తనకు ఉపదేశం అనుకున్నాడు.

భారతంలోని నీతిచర్చల్లో ఇక్కడ మామా అల్లుళ్ల మధ్య జరిగిన వాదనకు రావలసినంత పేరు రాలేదు. కృపుడు తొందరపడవద్దన్నాడు. ధృతరాష్ట్రుణ్ని, గాంధారిని, విదురుణ్ని అడుగుదాం, ఈ రాత్రి నిద్రపో, తెల్లవారాక ముగ్గురం ఎదురుగా వెళ్లి పోరాడదాం అన్నాడు. నిద్రపోతున్నవాణ్ని, ఆయుధం వదిలినవాణ్ని, శరణన్నవాణ్ని చంపేవాడు నరకానికి పోతాడని హెచ్చరించాడు. మనుస్మృతి ఏడో అధ్యాయంలోని యుద్ధనియమాల్లోనూ నిద్రిస్తున్నవాణ్ని చంపరాదని ఉంది.

అశ్వత్థామ నియమాన్ని కాదనలేదు. నువ్వు చెప్పింది నిజమే, అయితే ఆ ధర్మసేతువును పాండవులు ముందే నూరు ముక్కలు చేశారు అన్నాడు. తన తండ్రి చావు, రథచక్రం కుంగిన కర్ణుడి చావు, శిఖండిని అడ్డుపెట్టుకుని పడగొట్టిన భీష్ముడు, తొడల మీద కొట్టిన గదాఘాతం, అన్నీ వరసగా చెప్పాడు. మరుజన్మలో పురుగుగా పుట్టినా సరే, తండ్రిని చంపినవాళ్లను ఈ రాత్రే చంపుతానన్నాడు. తాను చేసేది ధర్మమని అతను ఎక్కడా అనలేదు. ఎదుటివాడు నియమం తప్పాడు కాబట్టి తనకిక నియమం లేదన్నాడు, ఫలితం అనుభవించడానికి సిద్ధమే అన్నాడు. ఇక్కడ తర్కం సగం దూరమే నడుస్తుంది. పాండవ పక్షం చేసిన తప్పులన్నీ ఒక్కొక్క యోధుడి మీద చేసినవి. ఇతను వాటి పేరు చెప్పి శిబిరం మొత్తాన్ని తుడిచిపెట్టడానికి బయలుదేరాడు.

శిబిరం వాకిట అడ్డుగా నిలిచిన మహాభూతం మీద అతని ఆయుధాలేవీ పని చేయలేదు. తనను తాను అగ్నిలో ఆహుతి చేసుకోబోతే శివుడు ప్రత్యక్షమై ఖడ్గం ఇచ్చి అతని ఒంట్లో ప్రవేశించాడు. లోపల మొదట దొరికింది ధృష్టద్యుమ్నుడు. ఆయుధంతో చంపు, వీరస్వర్గమైనా దక్కుతుందని అతను వేడుకున్నాడు. గురుహంతకుడికి లోకాలుండవని, కాళ్లతో తన్ని చంపాడు అశ్వత్థామ. తర్వాత ఉత్తమౌజుడు, యుధామన్యుడు, ద్రౌపది కొడుకులు అయిదుగురు, శిఖండి. వాకిలి దగ్గర కృపుడు, కృతవర్మ కాపుకాసి పారిపోతున్నవాళ్లను నరికి, మూడు చోట్ల నిప్పుపెట్టారు. పాండవులు, కృష్ణుడు, సాత్యకి ఆ రాత్రి శిబిరంలో లేరు. ధృష్టద్యుమ్నుడి సారథి ఒక్కడు తప్పించుకుని కబురు చెప్పాడు.

ద్రౌపది కొడుకులైన ఉపపాండవులను చీకట్లో పాండవులనుకుని పొరబడి చంపాడన్న కథ బాగా ప్రచారంలో ఉంది. వ్యాసుడి కథనం అలా లేదు. మేనమామ హతుడయ్యాడని విని ఆ అయిదుగురూ లేచి బాణాలతో ఎదుర్కొన్నారు. అతను ఒక్కొక్కరినీ ఎవరో తెలిసే చంపాడు. దుర్యోధనుడి దగ్గరికెళ్లి చెప్పింది కూడా సరిగ్గా లెక్క కట్టే: అటు ఏడుగురు మిగిలారు, ఇటు మనం ముగ్గురం.

ద్రౌపది ఏం కోరింది

ఇక్కడ భారతమూ భాగవతమూ బాగా విడిపోతాయి. తెలుగువాళ్లకు తికమక ఎక్కువైంది ఇక్కడే. ఎందుకంటే తిక్కన సౌప్తికపర్వం కంటే పోతన ప్రథమస్కంధం ఎక్కువమంది నోళ్లలో ఉంది.

భారతంలో ద్రౌపది ప్రాయోపవేశానికి కూర్చుంది. అశ్వత్థామను చంపి, అతని తల మీద పుట్టుకతో ఉన్న మణిని తెస్తే తప్ప లేవనంది. భాగవతంలో అర్జునుడు అతణ్ని తాళ్లతో కట్టి తెచ్చి ఆమె ముందు పడేస్తే, గురుపుత్రుణ్ని విడిచిపెట్టమంది. పిల్లలు పోయి నేను ఏడుస్తున్నట్టు వీడి తల్లి కృపి ఏడవకూడదు అంది. అంతకుముందు మాత్రం ఒక్క ప్రశ్న అడిగింది. పోతన మాటల్లో:

ఉద్రేకంబున రారు శస్త్రధరులై యుద్ధావనిన్ లేరు కిం
చిద్ద్రోహంబును నీకుఁ జేయరు బలోత్సేకంబుతోఁ జీకటిన్
భద్రాకారులఁ జిన్నపాపల రణప్రౌఢక్రియాహీనులన్
నిద్రాసక్తుల సంహరింప నకటా! నీ చేతు లెట్లాడెనో?

ఈ పద్యం బలమంతా ఉపపాండవులను చిన్నపాపలుగా, యుద్ధం తెలియనివాళ్లుగా చూపడంలో ఉంది. భారతం లెక్కలో వాళ్లు పద్దెనిమిది రోజులూ పోరాడినవాళ్లు. అయిదుగురినీ మహారథులని భీష్ముడే పేర్కొన్నాడు. దుర్యోధనుడి స్పందన కూడా మారింది. భారతంలో అతను భీష్ముడూ కర్ణుడూ నీ తండ్రీ చేయనిది నువ్వు చేశావని సంతోషించి ప్రాణం వదిలాడు. భాగవతం మాత్రం అది అతనికి అప్రియమైన పనే అంటుంది. భాగవతానికి కావలసింది క్షమ అనే గుణం. అందుకే నేరాన్ని మరింత నల్లగా, క్షమించినామెను మరింత ఎత్తుగా చూపింది.

మణి విషయమూ అంతే. భారతంలో అశ్వత్థామ ఓడి దాన్ని తన చేత్తో ఇచ్చాడు. భాగవతంలో అర్జునుడు కత్తితో జుట్టుతో సహా కోసి తీసుకుని వెళ్లగొట్టాడు. నుదుట మానని గాయం, దానికి నూనె అడుక్కుంటూ తిరగడం జనం నోట పెరిగిన భాగం.

మూడు వేల ఏళ్లు, గడ్డిపోచ, గర్భం

భారతంలో భీముడు వెంటాడి వెళ్లేసరికి అశ్వత్థామ గంగ ఒడ్డున వ్యాసుడి పక్కన ఉన్నాడు. ఒంటికి నెయ్యి, దర్భలతో నేసిన బట్ట, మీద దుమ్ము. వెనకే అర్జునుడూ కృష్ణుడూ రావడం చూసి ఒక గడ్డిపోచ తీసి, పాండవులు లేకుండా పోవాలని మంత్రించి వేశాడు. అదే బ్రహ్మశిరస్సు. అర్జునుడు అదే అస్త్రంతో ఎదుర్కొన్నాడు. ఆ అస్త్రాన్ని మరో పరమాస్త్రంతో కొట్టిన నేల మీద 12 ఏళ్లు వాన పడదు. నారదుడూ వ్యాసుడూ మధ్యలో నిలబడ్డారు. అర్జునుడు వెనక్కి తీసుకున్నాడు. వ్రతనిష్ఠ లేనివాడికి వెనక్కి తీసుకోవడం చేతకాదు. అశ్వత్థామకు చేతకాలేదు. అది ఎక్కడో పడాలి కాబట్టి పాండవ స్త్రీల గర్భాల మీదికి మళ్లించాడు.

కృష్ణుడు శపించింది అప్పుడు. పసిప్రాణం తీసేవాడివని తిట్టి, మూడు వేల ఏళ్లు మనిషి తోడు లేకుండా, మాట కలిపేవాడు లేకుండా, చీమూ నెత్తురూ కంపుతో, రోగాలతో అడవులు పట్టి తిరగమన్నాడు. ఉత్తర కడుపులోని బిడ్డ పరీక్షిత్తును తాను బతికిస్తానన్నాడు. రాత్రి హత్యాకాండ విన్న వెంటనే కృష్ణుడు ఏ శాపమూ ఇవ్వలేదన్నది గమనించాలి. తండ్రిని చంపినవాడి మీద పగ ఉంది, వాదించుకోవచ్చు. ఇంకా పుట్టనివాడి మీద ఏ పగా లేదు. అక్కడికి చేరాక అశ్వత్థామ దగ్గర చెప్పుకోవడానికి వాదన మిగల్లేదు.

భాగవతంలో ఈ మూడు వేల ఏళ్ల శాపమే కనిపించదు. ఇక సంప్రదాయ లెక్కలో కలి ప్రవేశం క్రీ.పూ. 3102, యుద్ధం దానికి 36 ఏళ్ల ముందు. మూడు వేలను మానుష వర్షాలుగా తీసుకుంటే శాపం క్రీ.పూ. రెండో శతాబ్దంలోనే తీరిపోవాలి. కలియుగాంతం దాకా అన్న మాటకు ఈ శ్లోకాల్లో ఆధారం లేదు. మధ్యప్రదేశ్‌లో బుర్హాన్‌పూర్ దగ్గరి అసీర్‌గఢ్ కోటలో శివాలయానికి అతను తెల్లవారకముందే వచ్చి పూజ చేసి పోతాడని నమ్మేవాళ్లకు ఈ లెక్కతో పనిలేదనుకోండి.

చిరంజీవిత్వం వేరే ధార. పుట్టినరోజున పిల్లల చేత చెప్పించే 'అశ్వత్థామా బలిర్వ్యాసో' శ్లోకం అతని పేరుతోనే మొదలవుతుంది. విష్ణుపురాణం, భాగవతం అష్టమస్కంధం రెండూ రాబోయే సావర్ణి మన్వంతరంలో (తర్వాతి మనువు కాలంలో) సప్తర్షుల్లో ఒకడిగా అతణ్ని చేర్చాయి. ద్రోణుడి కొడుకు, శివాంశ అన్న గుర్తింపు ఆ జాబితాలో పనిచేసి ఉండాలి. రాజవంశాలకూ ఈ గుర్తింపే పనికొచ్చింది. పల్లవులు తమ వంశాన్ని భరద్వాజుడు, ద్రోణుడు, అశ్వత్థామ మీదుగా చెప్పుకున్నారు. మన అమరావతిలో దొరికిన సింహవర్మ స్తంభశాసనం, అశ్వత్థామకూ మదని అనే అప్సరసకూ పుట్టిన బిడ్డ చిగుళ్ల పక్క మీద పడుకున్నందుకు పల్లవుడయ్యాడని చెబుతుంది.

వాకిలి కాచిన ఇద్దరు

శాపం ఏ నేరానికి పడిందో తేల్చుకోవడానికి మిగతా ఇద్దరి సంగతి ఉపయోగపడుతుంది. ఆ రాత్రి నిద్రలేచి పారిపోతున్నవాళ్లను కృపుడూ కృతవర్మా నరికారు. వాళ్లను ఎవరూ శపించలేదు. కృతవర్మ ద్వారకకు వెళ్లిపోయాడు. 36 ఏళ్ల తర్వాత ప్రభాసంలో తాగిన మత్తులో సాత్యకి, నిద్రపోయేవాళ్లను చంపిన వీరుడివని అతణ్ని దెప్పాడు. నువ్వు చెయ్యి తెగి కూర్చున్న భూరిశ్రవుణ్ని చంపలేదా అని కృతవర్మ తిరిగి అన్నాడు. సాత్యకి అతని తల నరికాడు. యాదవులు ఒకరినొకరు చంపుకోవడం అక్కడే మొదలైంది. కృపుడు హస్తినాపురంలోనే ఉండిపోయాడు. పాండవులు మహాప్రస్థానానికి వెళ్తూ పరీక్షిత్తును అతనికే శిష్యుడిగా అప్పగించారు. అశ్వత్థామ గర్భంలోనే కాల్చబోయిన బిడ్డకు, ఆ రాత్రి అతనికి తోడు వెళ్లిన మేనమామే విలువిద్య గురువు. సావర్ణి మన్వంతరపు సప్తర్షుల్లోనూ ఈ మామా అల్లుళ్లిద్దరూ ఉన్నారు.